పన్నెండు అందరికీ కనిపిస్తుంది

విమానం నడపాలనుకునే మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టి అడిగే ప్రశ్నల్లో అన్నిటికన్నా తెలివైనది జబ్బుల గురించిన ప్రశ్న కాదు. ‘ఇంతకుముందు ఇలాంటి పరీక్షకు వెళ్లావా? వెళితే ఎప్పుడు, ఎక్కడ, ఏమని తేల్చారు? ఎప్పుడైనా నీకు సర్టిఫికెట్ నిరాకరించారా, ఇచ్చినదాన్ని ఆపారా, రద్దు చేశారా? చేస్తే ఎందుకు?’ ఇదీ ఆ ప్రశ్న. పైలట్ లైసెన్సులకు ప్రపంచమంతా పాటించే నియమావళి ఒకటుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, 1948 ఏప్రిల్ 14న తొలిసారి ఆమోదించిన ఒకటో అనుబంధం అది. ఈ సంగతులన్నీ అభ్యర్థి చేత రాయించి, కింద సంతకం తీసుకోవాలని ఇవాళ అందులో స్పష్టంగా ఉంది.

జబ్బును మనిషి మర్చిపోవచ్చు. చిన్ననాటి జ్వరాన్ని కన్నవాళ్లే మర్చిపోవచ్చు. ‘నువ్వు పనికిరావు’ అన్న మాటను మాత్రం ఎవరూ మర్చిపోరు. పైగా ఆ మాట ఎక్కడో ఒక ఫైలులో రాసి ఉంటుంది. అందుకని ఇక్కడ మరుపు అనే సాకు చెల్లదు, అబద్ధం ఆడితే దొరకడమూ తేలికే. ఒక డాక్టరు కాదన్నాడు కదా, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు దగ్గర అదృష్టం చూసుకుందాం అనుకునేవాళ్ల దారి ఒక్క ప్రశ్నతో మూసేశారు. స్టెతస్కోపు ఇంకా బయటికి తీయనే లేదు.

నేను డాక్టర్ని కాను, విమానం నడిపినవాణ్నీ కాను. బాగా చేసిన పని ఎక్కడ కనబడినా ఆగి చూసే అలవాటు ఒకటుంది, అంతే. మెడికల్ అనగానే మనకు క్యూ, రక్తం తీసిన చోట దూది, ఛాతీ ఎక్స్‌రే, చివర ఒక రబ్బరు స్టాంపు గుర్తొస్తాయి. పైలట్ల మెడికల్‌ను నిదానంగా గమనిస్తే రెండు రకాల పనిమంతులు కనబడతారు. ఒకరు ఎవరూ మోసం చేయలేని పరికరాలు తయారుచేసినవాళ్లు. ఇంకొకరు, ఎవరైనా మోసం చేయగల చోట, నిజమే చెబుదాం అనిపించేలా ప్రశ్నలు అల్లినవాళ్లు. రెండో పనే కష్టమని నా అభిప్రాయం. ఆ పని ఇంకా పూర్తి కాలేదని కూడా.

మాది కొల్లాపూర్. జటప్రోలు సంస్థానం, సురభి వారి కోట, మాధవస్వామి గుడి, ఎండాకాలం మామిడికాయ లారీలు, ఒక పక్క నల్లమల, ఇంకో పక్క సోమశిల దగ్గర కృష్ణ వెడల్పు. విమానాశ్రయానికి పోవాలంటే నాగర్‌కర్నూల్, జడ్చర్ల మీదుగా చాలా దూరం. అయినా ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న పిల్లల నోట ఇప్పుడు పైలట్ అనే మాట వినబడుతోంది, ఆడపిల్లల నోట కూడా. అందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. చాలా కంపెనీలు కాదన్న మహిళ ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకున్నది హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేసే. బేగంపేటలో రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఉంది. నాగార్జునసాగర్ దగ్గర ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎగిరే శిక్షణ విమానాలు నల్గొండ పల్లెల మీదుగా తిరుగుతుంటాయి. 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి, పరీక్షలు పాసవ్వాలి. అప్పుడు కమర్షియల్ పైలట్ లైసెన్స్. దానికయ్యే ఖర్చు లక్షల్లో మొదలై ఒక రైతు ఇంటి పొలం దగ్గర ఆగుతుంది. అందుకే ఈ దారి తెలిసినవాళ్లు చెప్పే మొదటి మాట, ఫీజు కట్టేముందు మెడికల్ చేయించుకో అని. ఎకరం అమ్మి శిక్షణలో చేరాక రంగులు కనబడవని తేలితే ఆ ఎకరం తిరిగి రాదు.

ముందు క్లాస్-2 మెడికల్. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ, అంటే డీజీసీఏ, గుర్తింపు ఉన్న డాక్టర్లు చేస్తారు, హైదరాబాద్‌లోనే అయిపోతుంది. దానితో అభ్యర్థికి ఒక ఫైలు నంబరు పుడుతుంది, ఆ నంబరు ఇక ఉద్యోగం ఉన్నంతకాలం వదలదు. తర్వాత క్లాస్-1, అసలు పరీక్ష. ఏళ్ల తరబడి తొలి క్లాస్-1 అంటే వైమానిక దళం కేంద్రాలకే పోవాల్సి వచ్చేది: బెంగళూరు, ఢిల్లీ, జోర్హాట్. ఇప్పుడు డీజీసీఏ ఆమోదించిన పౌర కేంద్రాలు కూడా వచ్చాయి. మా వైపు నుంచైతే పెబ్బేరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కర్నూలు, అనంతపురం దాటి బెంగళూరు. అక్కడ పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో, విమానపురలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ 1957లో మొదలైంది. రాకేశ్ శర్మను, ఆ తర్వాత గగన్‌యాన్ వ్యోమగాములను వడపోసింది ఈ సంస్థే. కొల్లాపూర్ నుంచి ఇంటర్ మార్కుల మెమోతో వచ్చిన పిల్ల కూడా అక్కడి డాక్టర్ల ముందే కూర్చోవచ్చు.

ఇక మొదటి రకం పనిమంతుల సంగతి. నాకు బాగా ఇష్టమైనది ఇషిహారా పుస్తకం.

షినోబు ఇషిహారా జపాన్ కంటి వైద్యుడు, 1879లో పుట్టి 1963 దాకా బతికాడు. సైన్యానికి రంగుల పరీక్ష కావాలంటే తయారుచేసి, 1917లో ప్రచురించాడు. చుక్కల వెనక అంకె దాచే ఆలోచన ఆయన సొంతం కాదు. జర్మనీలో స్టిల్లింగ్ అనే డాక్టరు అంతకు దశాబ్దాల ముందే ఆ దారి వేశాడు. ఇంకో పక్క స్వీడన్‌లో 1875లో రెండు రైళ్లు ఢీకొన్నాక హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త రంగురంగుల ఊలు దారాలు ముందు పోసి, ఒకే రంగువి ఏరమనేవాడు. ఇషిహారా గొప్పతనం, ఉన్న ఆలోచనను నూరేళ్లు తిరుగులేని పరికరంగా చెక్కడంలో ఉంది.

38 పలకల పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో 12 అనే అంకె. ఇది రంగులు సరిగా కనబడనివాళ్లకూ కనబడుతుంది. అలాంటప్పుడు దాంతో పనేమిటి? మొదటి పని, ఏం చేయాలో మాటలతో పని లేకుండా చూపడం. రెండోది, కావాలని నటించేవాణ్ని పట్టడం. ‘ఇందులో నాకేమీ కనబడలేదు’ అన్నవాడి కళ్లను కాదు, మాటను అనుమానించాలి. పరీక్ష మొదలవకముందే పరీక్షకుడి చేతికి ఒక కొలబద్ద.

ఆ తర్వాతి పలకల్లో అసలు నైపుణ్యం ఉంది. రెండో పలకలో మామూలు చూపుకి 8 కనబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కంటికి అదే పలకలో 3 కనబడుతుంది. నాలుగో పలకలో ఒకరికి 29, ఇంకొకరికి 70. తొమ్మిదోదాంట్లో 74, 21. ఇద్దరికీ అంకె కనబడుతోంది, ఇద్దరూ గట్టి నమ్మకంతో చెబుతున్నారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మనిషి అబద్ధం ఆడకపోయినా, ఆడాల్సిన అవసరమే అతనికి తోచకపోయినా, లోపం బయటపడుతుంది. ఎందుకంటే తనకు లోపం ఉందని అతనికే తెలీదు. పుట్టిన దగ్గర్నుంచీ పచ్చికను, మిర్చిపంటను అదే కళ్లతో చూసినవాడికి వేరే చూపు ఉంటుందని ఎలా తోస్తుంది? ఈ లోపం ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది గనక మగపిల్లల్లోనే ఎక్కువ. పద్దెనిమిదేళ్ల కుర్రాడు మొదటిసారి ఈ సంగతి వినేది చాలాసార్లు ఈ గదిలోనే.

తర్వాత కొన్ని పలకల్లో అంకె మామూలు కంటికే కనబడుతుంది, లోపం ఉన్న కంటికి మాయమవుతుంది. ఆ తర్వాత 18 నుంచి 21 దాకా తిరగేసి పెట్టాడు. మామూలు కంటికి అక్కడ చుక్కలే, లోపం ఉన్నవాళ్లలో చాలామందికి అంకె తేలుతుంది. ‘అంకె కనబడుతోంది’ అనడమే తప్పు జవాబయ్యే పేజీ అన్నమాట. ఎక్కువ చెబితే మంచిదనుకునే పరీక్షలకే అలవాటుపడ్డ మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది. చివరి పలకల్లో అంకెలే ఉండవు, వంకరటింకర దారులుంటాయి. వేలితో ఆ దారి వెంట పోతే చాలు. అంకెలు చదవడం రానివాళ్ల కోసం, పిల్లల కోసం పెట్టినవి అవి. చదువు రానివాడి కన్ను కూడా కన్నే అని గుర్తుపెట్టుకున్న పనిమంతుడు.

ఇదంతా సాధించింది చుక్కలతో. ఒక్కో చుక్క సైజు వేరు, మెరుపు వేరు. వెలుతురు తేడాను బట్టి అంకె పోల్చుకునే వీలు లేకుండా, రంగు ఒక్కటే ఆధారంగా మిగిలేలా వాటిని చెదరగొట్టాడు. పుస్తకం 75 సెంటీమీటర్ల దూరంలో పట్టాలి, ఒక్కో అంకె పలకకు మూడు సెకన్లు, గదిలో పగటి వెలుతురు లేదా దానికి సమానమైన దీపం. పసుపు రంగు బల్బు కింద చూపిస్తే ఇషిహారా చేసిన పనంతా పాడైపోతుంది. ఇంటర్నెట్‌లో చూసి వరస బట్టీ పట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. మంచి పరీక్షకుడు వరస మార్చి చూపిస్తాడు. అక్కడితో బట్టీ కథ ముగిసింది.

పలకల్లో తడబడినంత మాత్రాన అన్ని తలుపులూ మూయరు. విమానయానంలో వాడే రంగు దీపాలను తేలిగ్గా, తప్పకుండా గుర్తుపట్టగలిగితే చాలునని ఐకావో నియమం వెసులుబాటు ఇస్తుంది. అందుకోసం చీకటి గదిలో చిన్న రంధ్రాల్లోంచి ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు చూపించే లాంతరు ఉంటుంది. మన దగ్గర మార్టిన్ లాంతరు పేరే ఎక్కువగా వినబడుతుంది. ఎందుకింత పట్టింపు అంటే, రన్‌వే పక్కన నాలుగు దీపాల వరస ఉంటుంది. రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడితే దిగే దారి సరిగ్గా ఉన్నట్టు. ఎరుపులు పెరిగితే మరీ కిందికి వచ్చేస్తున్నట్టు. 2002 జూలై 26న, తెల్లవారకముందు, అమెరికాలో టలహాసీ దగ్గర ఫెడెక్స్ సరుకుల విమానం రన్‌వే చేరకముందే చెట్లను ఢీకొని కూలింది. ముగ్గురు సిబ్బందీ గాయాలతో బయటపడ్డారు. విమానాన్ని దించుతున్న కో-పైలట్‌కు రంగుల చూపులో గట్టి లోపముందని, మినహాయింపు కింద అతనికి సర్టిఫికెట్ ఇచ్చారని దర్యాప్తులో తేలింది. ప్రమాద కారణాల్లో దాన్నీ చేర్చారు. వెసులుబాటు ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చేముందు పెట్టిన పరీక్ష నిజంగా ఆ దీపాల కోసమేనా అన్నదే ప్రశ్న.

కంటిచూపు గురించి మన దగ్గర ఉన్న పెద్ద అపోహ, అద్దాలుంటే పైలట్ కాలేరన్నది. అద్దాలతోనైనా సరే, ఒక్కో కన్నూ విడిగా 6/9, రెండూ కలిపి 6/6 చదవగలిగితే సరిపోతుంది. కాకపోతే జేబులో అదే నంబరు అద్దాల రెండో జత ఉండాలి. ఆ రెండో జత నియమం నాకు చాలా నచ్చింది. లోపాన్ని తప్పుగా కాకుండా, పగిలిపోగల ఒక వస్తువుగా చూసి దానికి విడిభాగం సిద్ధం చేయడం అది. లేజర్ చేయించుకున్నవాళ్లకూ షరతులతో దారి ఉంది. దాచినవాళ్లకే చిక్కు. కార్నియా మందం కొలిచే యంత్రానికి ఆ సంగతి చెప్పక్కర్లేదు.

చెవి దగ్గర పని ఇంకో రకం. శబ్దం రాని గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సన్నని మోత వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్ కన్నా, 3000 దగ్గర 50 కన్నా ఎక్కువ నష్టం ఏ చెవిలోనూ ఉండకూడదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అభ్యర్థిని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పేవారు. ఆ హడావుడి పోయింది. ఇప్పుడు డాక్టరు ముక్కు మూసుకుని గట్టిగా గాలి ఊదమంటాడు, చిన్న దీపంతో కర్ణభేరి కదులుతుందో లేదో చూస్తాడు. మన చెరువుల్లో, బావుల్లో ఈతకొట్టి చెవి చీము కారిన పిల్లలెందరో. ఎప్పుడో ఆరిపోయింది కదా అనుకుంటాం, కర్ణభేరికి చిల్లు మిగిలిపోయి ఉండొచ్చు. విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది. దిగేటప్పుడు చెవి లోపలి గాలి సర్దుకోకపోతే నొప్పితో కళ్లు బైర్లు కమ్ముతాయి. ప్రయాణికుడైతే చూయింగ్ గమ్ నములుతాడు. పైలట్‌కు అదే సమయంలో చేతినిండా పని ఉంటుంది.

గుండె విషయంలో యంత్రాలకు హద్దులున్నాయి. 1972 జూన్ 18న లండన్ హీత్రో నుంచి లేచిన ట్రైడెంట్ విమానం నిమిషాల్లో స్టెయిన్స్ దగ్గర కూలి 118 మంది చనిపోయారు. కెప్టెన్ గుండె ధమనులు బాగా పూడిపోయి ఉన్నాయని శవపరీక్షలో బయటపడింది. చెల్లుబాటయ్యే మెడికల్ అతని దగ్గర ఉంది. పడుకోబెట్టి తీసే ఈసీజీ అన్నీ పట్టలేదు. యూరప్‌లో ఈ లెక్కలు చూసే గుండె వైద్యులు తర్వాత ఒక ఆలోచన చేశారు. ఏడాదిలో ఒక పైలట్ ఉన్నట్టుండి కుప్పకూలే అవకాశం నూటికి ఒకటి దాటకూడదు, పక్కన రెండో పైలట్ ఉంటే ఆ మేరకు ముప్పు భరించవచ్చు, అని. సున్నా కావాలని కూర్చోలేదు. సున్నా అడిగితే విమానం నడపడానికి మనిషే దొరకడని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు యంత్రాలన్నీ పక్కన పెట్టి ప్రశ్నల దగ్గరికి వద్దాం. ఫారంలో గళ్లుంటాయి. మూర్ఛ, స్పృహ తప్పడం, తలకు దెబ్బ, ఆస్తమా, షుగరు, కిడ్నీలో రాళ్లు, ఆపరేషన్లు, మానసిక వైద్యం, రోజూ వాడే మందులు, ఇంట్లోవాళ్ల జబ్బులు. ఒక్కోదానికి అవును, కాదు. ‘మీకేమైనా జబ్బులున్నాయా?’ అని ఒక్క ముక్కలో అడిగితే, ఏం లేవండి అని ఒక్క ముక్కలో తప్పించుకోవచ్చు. విడివిడిగా అడిగితే ఒక్కోదాని ముందు చెయ్యి ఆగుతుంది. గీత పెట్టిన ప్రతిసారీ అది ఒక కొత్త నిర్ణయం.

అంతకు మించి, డాక్టరు ఆ గళ్లను తిరిగి నోటితో అడుగుతాడు. మాట ఇలా సాగుతుందనుకోండి:

“ఎప్పుడన్నా స్పృహ తప్పి పడిపోయినవా?”

“లేదు సార్.”

“బడిలో ప్రార్థనప్పుడు ఎండల నిలబడితే?”

“ఒక్కసారి కండ్లు తిరిగినయి సార్. పడిపోలే, పక్కకు కూసోబెట్టిన్రు.”

“పొద్దున ఏమన్న తిన్నవా ఆ రోజు?”

“లేదు సార్, శనివారం ఒక్కపొద్దు.”

“ఎంతసేపట్ల లేచినవ్? చెయ్యి, కాలు కొట్టుకున్నయా? నాలుక కొరుక్కున్నవా?”

ఈ ప్రశ్నల్లో ఎంత చదువుందో చూడండి. ఖాళీ కడుపుతో, ఎండలో కళ్లు తిరగడం వేరు. మూర్ఛ వేరు. మొదటిది కాలేజీ పిల్లల్లో ఎవరికైనా వచ్చేదే. రెండోది నిర్ధారణ అయితే అంతర్జాతీయ నియమం ప్రకారం లైసెన్స్ రాదు. రెండిటినీ వేరుచేసేది స్కానింగ్ కన్నా ముందు ఈ మాటే. డాక్టరు జబ్బు పేరు ఎత్తకుండా, ఎండ గురించి, ఒక్కపొద్దు గురించి, నాలుక గురించి అడుగుతున్నాడు. జబ్బు పేరు చెప్పి అడిగితే పిల్ల గుండె గుభేలుమంటుంది, నోరు మూతపడుతుంది.

ఇక్కడే మా ఊరి సంగతి చెప్పాలి. హైదరాబాద్ పిల్లల దగ్గర టీకాల పుస్తకం, ఆసుపత్రి ఫైలు, డిశ్చార్జి కాగితం ఉంటాయి. మన పల్లెల్లో చిన్నప్పటి వైద్యమంతా ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షను, సెలైను బాటిల్, కామెర్లకు పసరు, భయానికి తాయెత్తు. కాగితం ఉండదు. ఉన్న రికార్డు అమ్మ నోట్లోనే ఉంటుంది. ‘రెండో ఏట జ్వరమొచ్చి కండ్లు తేలేసినవు బిడ్డా, రాత్రికి రాత్రి నాగర్‌కర్నూల్ దవాఖానకు ఎత్తుకపోయినం’ అని ఆమె ఎప్పుడో ఒకసారి అంటుంది, మళ్లీ అనదు. ఎందుకనదో అందరికీ తెలుసు. ఫిట్స్ అనే మాట పడితే పిల్లకు సంబంధాలు రావు. ఆ మాటను ఇల్లే మింగేస్తుంది.

నిజానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో ఒకటీ అరా ఫిట్స్ రావడం పిల్లల డాక్టర్లు రోజూ చూసేదే. చాలామందిలో అది మూర్ఛ జబ్బు కాదు. ఏ వయసులో వచ్చింది, జ్వరం ఉందా, ఎన్ని నిమిషాలు, మళ్లీ వచ్చిందా, తర్వాత మందులు వాడారా అని అడిగి, కావాలంటే నరాల డాక్టరుకు చూపించి, నిపుణుడు తేల్చగలిగిన విషయం. చెప్పకుండా దాచి, పదేళ్ల తర్వాత ఏదో ఆసుపత్రి కాగితంలో బయటపడితే అప్పుడు తేల్చాల్సింది ఫిట్స్ గురించి కాదు, సంతకం గురించి. జబ్బుకు నిపుణుడున్నాడు. అబద్ధానికి లేడు.

కిడ్నీ రాళ్లదీ ఇదే వరస. పాలమూరు ఎండలకు, చెమటకు, నీళ్లు తాగని అలవాటుకు మా వైపు ఇవి కొత్త కాదు. బీరు తాగితే పోతాయని సలహాలిచ్చేవాళ్లకూ కొదవ లేదు. రాయి కదిలితే ఎంత గట్టివాడైనా మెలికలు తిరిగిపోతాడు, ఆ సమయంలో చేతిలో వందలమంది ప్రాణాలుంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. కడుపు స్కానింగ్‌లో రాయి కనబడితే తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటారు. రాయి తీయించుకుని, శుభ్రంగా ఉన్న స్కానింగ్‌తో తిరిగి వెళితే చూస్తారు. తాత్కాలికం అనే ఆ వర్గం లేకపోతే ఈ పరీక్ష మొత్తం కూలిపోతుంది. అవునని రాసిన ప్రతి గడీ బతుకును ముగించేదైతే అవునని ఎవరు రాస్తారు? రాళ్లు, హెర్నియా, ఎక్కువ బరువు, కొంచెం రక్తహీనత, మొదటిసారి కొలిచినప్పుడు పెరిగిన బీపీ. వీటికి గడువిచ్చి, బాగు చేసుకుని రమ్మంటారు. బీపీనైతే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ కొలుస్తారు. తెల్లకోటు చూడగానే పెరిగే బీపీ సంగతి డాక్టర్లకు తెలుసు. శాశ్వతంగా అన్‌ఫిట్ అన్నా అప్పీలు ఉంది, నిపుణుల అభిప్రాయంతో వెళ్లవచ్చు. పరీక్ష చేసిన డాక్టరు తన అభిప్రాయం రాసి పంపుతాడు. చివరి మాట డీజీసీఏది. పరీక్షించిన చెయ్యి, తీర్పు రాసిన చెయ్యి వేరు కావడం అభ్యర్థికీ రక్షణే, డాక్టరుకీ రక్షణే.

ఈ పనితనం బలహీనంగా ఉన్న చోటు ఒకటుంది. అది మనసు దగ్గర. 2015 మార్చి 24న బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ కొండలకు కొట్టాడు. 150 మంది పోయారు. అతను 2008లో డిప్రెషన్‌తో శిక్షణ ఆపి, చికిత్స తర్వాత తిరిగి వచ్చినవాడు. ఆ సంగతి అధికారులకు తెలుసు. ప్రమాదానికి ముందు వారాల్లో మళ్లీ డాక్టర్ల దగ్గరికి వెళ్లాడు. పనికి వెళ్లొద్దని వాళ్లు రాసిచ్చిన కాగితాలను కంపెనీకి చూపలేదు. వైద్య రహస్యం కాపాడాలన్న నియమం ఆ డాక్టర్లను కట్టేసింది. లైసెన్స్ పోతే ఉద్యోగం, అప్పు అన్నీ ఒక్కసారి మీద పడతాయన్న భయం దాపరికానికి ఎలా దారి తీస్తుందో ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ 2016 నివేదికలో వివరంగా రాసింది. అందులోని సిఫార్సుల్లో నాకు ముఖ్యమనిపించింది, కఠినమైన పరీక్షలు పెట్టమనడం కాదు. పైలట్లు భయం లేకుండా సాటి పైలట్లతో చెప్పుకునే ఏర్పాటు కావాలన్నది. తర్వాత యూరప్ తన విమానయాన కంపెనీలకు అలాంటి తోడ్పాటు తప్పనిసరి చేసింది. 2023లో మన డీజీసీఏ కూడా సిబ్బంది మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద ఉన్నది మా ఊరి ఇంటి దాకా రావడానికి టైం పడుతుంది. ఇంటర్ ఫెయిలై రెండు నెలలు నిద్ర పట్టక మాత్రలు వాడిన పిల్లాడి ఇంట్లో, ఆ సంగతి పైలట్ ఫారంలో రాయమని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికి తక్కువే. చికిత్స తీసుకుని బాగైనవాణ్ని తీసుకుంటామని వ్యవస్థ గట్టిగా, మళ్లీ మళ్లీ చెప్పాలి. ఇప్పుడు చెబుతున్న గొంతు చాలా చిన్నది.

అందుకని మా వైపు నుంచి వెళ్లాలనుకునే పిల్లలకు తెలిసినవాళ్లు ఇచ్చే సలహా ఒకటుంది. ఫారం నింపేముందు ఒక పూట అమ్మ పక్కన, నాయనమ్మ పక్కన కూర్చుని పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ అడిగి రాసుకోవాలి. ఎప్పుడు ఏ దవాఖాన, ఏ నొప్పి, ఏ ఆపరేషన్, తాత ఏ జబ్బుతో పోయాడు, షుగరు ఎవరికి ఉంది. పాత చీటీలు, ఎక్స్‌రే కవర్లు బీరువా అడుగున దొరికితే తెచ్చుకోవాలి. పెద్దవాళ్లకూ ఒక మాట చెప్పాలి, ఈ కాగితం పెళ్లి సంబంధం కాగితం కాదు, డాక్టరు దీన్ని ఊళ్లో చదివి వినిపించడు అని. వైద్య రహస్యం కాపాడాలని ఐకావో నియమంలోనే రాసి ఉంది.

ఒకసారి నెగ్గితే అయిపోయిందనుకోవడం కూడా అపోహే. క్లాస్-1 పన్నెండు నెలలకే చెల్లుతుంది, అరవై దాటాక ఆరు నెలలకు. అరవై ఐదేళ్ల దాకా ఎగిరే కెప్టెన్ నలభైసార్లకు పైగా అవే గళ్ల ముందు కూర్చుంటాడు. మధ్యలో ఒంట్లో బాగోలేదని తనకే తెలిస్తే, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఆ రోజు విమానం నడపకూడదని నియమం. ఆ రోజుకు తన పరీక్షకుడు తానే. ఏడాది తిరిగాక ఆ సంగతి మళ్లీ ఫారంలో రాయాలి. డాక్టరు కంప్యూటర్లో ఫైలు నంబరు కొట్టి, పోయినేడు, అంతకు ముందేడు ఇదే గడీలో ఏం రాశాడో పక్కన పెట్టుకుని చదువుతాడు. రెండూ కలవకపోతే పేనా పక్కన పెట్టి అడుగుతాడు, “ఇది ఎప్పుడు జరిగింది కెప్టెన్?”